ఎడ్డీస్టోన్ లైట్‌హౌస్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండ్ నైరుతి తీరానికి దూరంగా, నడిసముద్రంలో ఒక రాతిగుట్ట మీద నిలబడ్డ దీపస్తంభం ఇది. అదే చోట దీన్ని నాలుగుసార్లు కట్టారు. ఒకటి గాలికి పోయింది, ఒకటి నిప్పుకు పోయింది, ఒకదాన్ని కింద ఉన్న రాయి సరిగ్గా మోయలేకపోయింది. నాలుగోది ఇప్పటికీ వెలుగుతోంది.

ఇది సరిగ్గా ఎక్కడుంది? ఆ చోటంటే నావికులకు అంత భయం ఎందుకు?

ప్లిమత్ రేవుకు నైరుతిగా సుమారు 21 కిలోమీటర్లు, కార్న్‌వాల్‌లోని రేమ్ హెడ్ అనే భూశిరానికి దక్షిణంగా సుమారు 14 కిలోమీటర్లు. ఎర్రటి గ్నైస్ రాయి. పున్నమి, అమావాస్యల పోటుకు దాదాపు అంతా మునిగిపోతుంది. నీరు వెనక్కి తగ్గే పాటు వేళ కొన్ని కొనలు మాత్రం బయటపడతాయి. చుట్టూ లోతు నీరు కావడంతో రాయి దగ్గరపడిందని ముందుగా తెలియదు. అట్లాంటిక్ అలకు మధ్యలో అడ్డు ఏదీ లేదు కాబట్టి అది పూర్తి బలంతో వచ్చి ఇక్కడే విరుగుతుంది.

ఈ రాళ్లకు తగిలి మునిగిన ఓడలు ఒక లెక్క. వీటికి జడిసి మరీ దక్షిణంగా వెళ్లి, ఫ్రాన్స్ తీరంలోనో ఛానల్ దీవుల దగ్గరో రాళ్లకెక్కినవి ఇంకో లెక్క.

మొదట కట్టింది ఎవరు?

హెన్రీ విన్‌స్టాన్లీ. ఎసెక్స్‌లోని లిటిల్‌బరీ ఊరివాడు. అచ్చు వేయడానికి బొమ్మలు చెక్కేవాడు, లండన్‌లో నీటి యంత్రాల ప్రదర్శనశాల నడిపేవాడు, ఓడల్లో పెట్టుబడి పెట్టేవాడు. ఈ పనికి తగిన శిక్షణ ఆయనకు ఉందని చెప్పలేం. అయితే అప్పటికి అలాంటి శిక్షణ ఎవరికీ లేదు. నడిసముద్రంలో, అలలకు పూర్తిగా తెరిచి ఉన్న రాయి మీద అంతకుముందు ఎవరూ దీపస్తంభం కట్టలేదు.

1696లో పని మొదలైంది. మొదటి వేసవి మొత్తం రాయిలో 12 కన్నాలు తొలిచి, వాటిలో ఇనుప కడ్డీలు నిలబెట్టడానికే సరిపోయింది. 1697లో ఒక ఫ్రెంచి ఓడ వచ్చి విన్‌స్టాన్లీని పట్టుకుపోయింది. తమ యుద్ధం ఇంగ్లండ్‌తోనే కాని మానవజాతితో కాదని చెప్పి ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ ఆయన్ను విడిపించాడని చెబుతారు. 1698 నవంబరు 14న కొవ్వు కొవ్వొత్తులతో దీపం వెలిగింది.

ఆ చలికాలంలోనే అలలు దీపం గది మీదుగా దాటిపోయాయి. అందుకని 1699లో చుట్టూ నాలుగడుగుల మందాన రాయి చేర్చి, ఎత్తు సుమారు 120 అడుగులకు పెంచాడు. కొందరు దీన్ని వేరే కట్టడంగా లెక్కేసి మొత్తం ఐదు అంటారు. మేం నాలుగే అంటాం, ఎందుకంటే పాతదాన్ని పడగొట్టలేదు, దానికే తొడుగు తొడిగారు.

అది ఎందుకు కూలింది?

1703 నవంబరు 26 రాత్రి మొదలై 27 తెల్లవారేదాకా ఇంగ్లండ్ చూసినవాటిలో అతి పెద్ద తుఫాను ఒకటి వీచింది. ఇవి అప్పటి పాత పంచాంగం తేదీలు. ఇప్పటి లెక్కలో డిసెంబరు 7, 8 అవుతాయి కాబట్టి రెండు రకాల తేదీలు కనిపిస్తే కంగారుపడక్కర్లేదు. మరమ్మతు కోసం వచ్చిన విన్‌స్టాన్లీ ఆ రాత్రి లోపలే ఉన్నాడు. ఎంత పెద్ద తుఫాను వచ్చినా అందులోనే ఉండి చూడాలని ఆయన అనేవాడట. తెల్లారాక చూస్తే రాయి మీద వంగిన ఇనుప కడ్డీలు తప్ప ఏమీ మిగల్లేదు. మనుషులెవరూ దొరకలేదు. కొద్ది రోజుల్లోనే వర్జీనియా నుంచి పొగాకుతో వస్తున్న విన్‌చెల్సీ అనే ఓడ అదే రాయికి తగిలి మునిగింది.

కారణాలు ఆకారంలోనే ఉన్నాయి. కోణాలున్న గోడల మీద అల మొత్తం బరువుతో కొడుతుంది, గుండ్రటి గోడైతే పక్కకు జారుతుంది. పైన తెరిచి ఉన్న వసారాలు, కప్పీలు, అలంకారపు కమ్ములు గాలికి పట్టు ఇచ్చాయి. మామూలు సున్నం తడిలో గట్టిపడదు కాబట్టి రాళ్లు ఒకదాన్నొకటి పట్టుకోలేదు. మొత్తం భారం 12 కడ్డీల మీదే పడింది.

సముద్రంలో చెక్కతో దీపస్తంభం కట్టడమేమిటి?

వినడానికి తిక్కగా ఉంటుంది కాని రెండో స్తంభం ఆలోచన చాలా పదునైనది. ప్రాథమికంగా అది నిలువుగా నిలబెట్టిన ఓడ. కట్టించినవాడు జాన్ రడ్యర్డ్, లండన్‌లో పట్టుబట్టల వర్తకుడు. రాయిని 99 ఏళ్ల కౌలుకు తీసుకున్నది కెప్టెన్ లవెట్. దాటివెళ్లే ఓడల దగ్గర టన్నుకు ఒక పెన్నీ వసూలు చేసుకునే హక్కును చట్టం ఇచ్చింది. అప్పట్లో దీపం వెలిగించడం సేవ ఒక్కటే కాదు, వ్యాపారం కూడా.

రడ్యర్డ్ ఓడలు కట్టే వడ్రంగులను పెట్టుకున్నాడు. నున్నటి గుండ్రటి శంకువు ఆకారం, బయట 71 నిలువు దూలాలు, వాటి సందులకు ఓడకు చేసినట్టే నార కూరి తారు. అడుగున ఓక్ దుంగల వరసల మధ్య గ్రానైట్ వరసలు పేర్చాడు. బలం కోసం కాదు, బరువు కోసం. సరుకు లేని ఓడ అడుగున రాళ్లు వేస్తారు కదా, అదే లెక్క.

రాయికి బిగించిన తీరు మరీ ముచ్చటైనది. లోపలికి పోయేకొద్దీ వెడల్పయ్యేలా 36 కన్నాలు తొలిచారు. వాటిలో కరిగిన కొవ్వు పోసి, ఇనుప మేకు దించి, తర్వాత కరిగిన తగరపు లోహం పోశారు. బరువైన లోహం అడుగుకు దిగుతూ కొవ్వునూ, దాంతోపాటు నీటినీ పైకి తోసేస్తుంది. మేకు చుట్టూ సందు మిగలదు, పలచటి కొవ్వు పూత ఉండిపోతుంది కాబట్టి ఉప్పునీరు ఇనుమును తాకదు.

1708లో వెలిగింది, 1709లో పూర్తయింది, 47 ఏళ్లు నిలిచింది. దీనికి అలలు పెద్ద సమస్య కాలేదు. అడుగు దూలాలను ఓడపురుగు తొలిచేస్తుంటే మార్చుకుంటూ వచ్చారు. చివరికి దీన్ని తీసుకుపోయింది నిప్పు. ఏళ్ల తరబడి కొవ్వు మసి పట్టి, ఎండిన చెక్క పైకప్పు 1755 డిసెంబరు 2 తెల్లవారుజామున అంటుకుంది. చుట్టూ సముద్రం, పైకి నీళ్లు ఎక్కించే దారి లేదు. పైనుంచి కిందికి రోజుల తరబడి కాలింది.

కాపలాదారు కరిగిన సీసం మింగాడన్నది నిజమా?

నమ్మశక్యం కాకపోయినా ఆధారం ఉంది. హెన్రీ హాల్ అనే కాపలాదారుకు అప్పటికి 94 ఏళ్లని చెబుతారు. బకెట్‌తో నీళ్లు పైకి చిమ్ముతూ తలెత్తి నోరు తెరిచి ఉండగా, పైకప్పు సీసం కరిగి మీద పడింది. కడుపులోకి సీసం పోయిందని ఆయన చెబితే ఎవరూ నమ్మలేదు. 12 రోజులకు చనిపోయాక డాక్టర్ ఎడ్వర్డ్ స్ప్రై శవాన్ని కోసి చూస్తే కడుపులో ఏడు ఔన్సులకు పైగా, అంటే దాదాపు 200 గ్రాముల సీసపు ముద్ద దొరికింది. లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీ సభ్యులు అనుమానపడితే, స్ప్రై జంతువుల మీద ప్రయోగాలు చేసి మరీ తన మాట నిలబెట్టుకున్నాడు. ఆ ముద్ద ఇప్పుడు స్కాట్లండ్ జాతీయ మ్యూజియంలో ఉంది.

మొత్తం ముగ్గురు కాపలాదారులూ రాతి సందులో తలదాచుకున్నారు. పడవ రాయికి దగ్గర కాలేక తాళ్లు విసిరి, అలల గుండా లాక్కున్నారు.

స్మీటన్ స్తంభాన్ని అంతగా పొగుడుతారు, అందులో కొత్తేమిటి?

మూడో స్తంభం కట్టిన, యార్క్‌షైర్‌కు చెందిన జాన్ స్మీటన్ శాస్త్ర పరికరాలు చేసేవాడు. రాయల్ సొసైటీ సిఫార్సుతో ఈ పని ఆయనకు వచ్చింది. ఆయన లెక్క తేలికైనదే: రాయి మీద కట్టే స్తంభం ఆ రాయిలో భాగంలా ఉండాలి. అందుకు మూడు కావాలి. బరువు, విడిపోని అతుకు, నీటిలో గట్టిపడే సున్నం.

ఆకారానికి ఓక్ చెట్టు మానును ఉదాహరణగా చెప్పాడు. మొదట్లో బాగా వెడల్పు, కొంచెం పైకి పోగానే లోపలికి వంపు తిరిగి సన్నబడడం, ఆపై దాదాపు నిటారు. అడుగున వ్యాసం 26 అడుగులు, పైన 17, ఎత్తు 72 అడుగులు. దీంతో బరువంతా కిందికి చేరుతుంది. బయటి వైపు కార్న్‌వాల్ గ్రానైట్, లోపల పోర్ట్‌లండ్ రాయి. కింది భాగం పూర్తిగా గట్టి రాయి, గదులన్నీ ఆ పైనే.

ఒక రాయిని ఎలా కూర్చారు? వివరంగా చెప్పగలరా?

అసలు ఈ కట్టడంలో చూడాల్సింది ఇదే. ముందుగా ఏటవాలుగా ఉన్న గుట్టను మెట్లుగా చెక్కారు. మందు పెట్టి పేల్చలేదు, పునాది బీటలిస్తుందని. ఆ మెట్లలోనూ లోపలికి వెడల్పయ్యే గాడులు తీశారు. మొదటి వరసలు గుట్ట గాడుల్లోనే ఇమిడాయి. ఆరో వరసకు గాని గుట్ట పైభాగంతో సమానం కాలేదు.

ఒడ్డున ప్లిమత్‌లోని మిల్‌బేలో ఒక వేదిక మీద ప్రతి వరసనూ సున్నం లేకుండా పేర్చి చూసేవారు. అక్కడ సరిగ్గా కుదిరితేనే గుర్తులు పెట్టి పడవకెక్కించేవారు. ఒక్కో రాయి టన్ను నుంచి రెండు టన్నులు. సముద్రం మీదికి పోయాక రాయి పట్టకపోతే ఆ రోజు పని పోయినట్టే.

రాళ్ల పక్కలను పావురం తోకలా కోశారు. తోక వెడల్పు భాగం పక్క రాయి గాడిలో ఉంటుంది కాబట్టి అడ్డంగా లాగితే రాదు. రాయిని దించే ముందు సున్నం పరిచి, దించాక కర్రసుత్తితో కొట్టి కుదుర్చుతారు. పక్క సందుల్లో ఒక కొస పల్చగా ఉండే ఓక్ చెక్కలు దిగ్గొడతారు. తర్వాత రాయికి ముందే వేసి ఉంచిన కన్నం గుండా కింది వరసలోకీ తొలిచి, ఓక్ కర్ర మేకు దించుతారు. ఆ మేకు అడుగు కొసను చీల్చి అందులో చిన్న చెక్క ముక్క పెడతారు. మేకు అడుగుకు తగలగానే ఆ ముక్క లోపలికి దిగి కొస విప్పారుతుంది, ఇక ఊడదు. చివరికి సందుల్లో పల్చటి సున్నం పోస్తారు. ఇవి చాలక, వరసకూ వరసకూ మధ్య పాలరాతి దిమ్మలు పెట్టారు. సగం కింది వరసలో, సగం పై వరసలో. దాంతో ఒక వరస ఇంకోదాని మీద జారదు.

ఇంత శ్రమ ఎందుకు? సున్నం గట్టిపడేదాకా సముద్రం ఆగదు. కొన్ని గంటల్లో పోటు వచ్చేస్తుంది. అంతవరకూ, ఆ తర్వాత కొన్ని రోజులూ రాయిని పట్టి ఉంచేది ఈ చెక్కలూ మేకులే.

పై గదుల కప్పులు కమానుల్లా ఉంటాయి. కమాను గోడను బయటికి తోస్తుంది కాబట్టి, ఆ మట్టంలో గోడ చుట్టూ గాడి తీసి, ఇనుప గొలుసు వేసి, పైన కరిగిన సీసం పోశారు. పీపాకు కట్టు వేసినట్టు.

ఆ సున్నం సంగతేమిటి? సిమెంటు కనిపెట్టింది స్మీటనేనా?

కాదు. పోర్ట్‌లండ్ సిమెంటుకు పేటెంట్ తీసుకున్నది జోసెఫ్ ఆస్ప్‌డిన్, 1824లో. నీటిలో గట్టిపడే సున్నం రోమన్లకూ తెలుసు. స్మీటన్ తెలుసుకున్నది దాని వెనక ఉన్న కారణం.

1756లో రకరకాల సున్నపురాళ్లు తెప్పించి కాల్చాడు. సున్నం ముద్దను రెండంగుళాల ఉండగా చుట్టి, కాస్త ఆరాక నీళ్లలో వేసి చూసేవాడు. కొన్ని ఉండలు కరిగిపోయేవి, కొన్ని గట్టిపడేవి. సున్నపురాయి ఎంత గట్టిదైతే సున్నం అంత గట్టిది అని అప్పటివరకూ మేస్త్రీల నమ్మకం. మెత్తటి సుద్దా గట్టి పాలరాయీ నీటిలో ఒకేలా విఫలమవడంతో ఆ నమ్మకం తేలిపోయింది. నీటిలో గట్టిపడిన రకాలను నత్రికామ్లంలో కరిగించి చూస్తే అడుగున బంకమట్టి మిగిలింది. రహస్యమంతా అందులో ఉంది: సున్నపురాయిలో సహజంగా బంకమట్టి కలిసి ఉంటే, కాల్చినప్పుడు వచ్చే సున్నం నీటిలోనూ పడుతుంది.

చివరికి వేల్స్‌లోని అబర్‌థా సున్నం, ఇటలీలోని చివితావెక్కియా నుంచి వచ్చిన పొజొలానా అనే అగ్నిపర్వతపు మట్టి, రెండూ సమపాళ్లలో కలిపి వాడాడు. మన పాత కట్టడాల్లో గానుగ సున్నంలో కాల్చిన ఇటుక పొడి, అంటే సుర్ఖీ, కలిపేవారు. పొజొలానా చేసే పనే సుర్ఖీ కూడా చేస్తుంది. తక్కువ వేడిలో కాలిన బంకమట్టి ఇటుక పొడి అయితే ఎక్కువ చురుగ్గా పనిచేస్తుంది, మరీ కాలి గాజు దిగిన ఇటుక పొడి ఇసుకతో సమానం. పాత గుళ్ల, బావుల మరమ్మతుల్లో దెబ్బతినేది తరచు ఇక్కడే.

ఎంత కాలం పట్టింది?

మొదటి రాయి 1757 జూన్ 12న, చివరి రాయి 1759 ఆగస్టు 24న. దీపం వెలిగింది 1759 అక్టోబరు 16న. చలికాలంలో రాయి మీదికి వెళ్లలేరు. వేసవిలోనూ కింది వరసలప్పుడు పాటు వేళ దొరికే కొద్ది గంటలే పని. రెండు జట్లు వారం మార్చి వారం పనిచేసేవి. ఒక జట్టు సముద్రం మీద ఉంటే ఇంకోటి మిల్‌బేలో రాళ్లు చెక్కేది. ఇంకో చిక్కు కూడా ఉంది. అది యుద్ధకాలం, నౌకాదళం వాళ్లు కనిపించిన నావికుణ్ణల్లా బలవంతంగా పట్టుకుపోయేవారు. ఈ పనివాళ్లకు మినహాయింపు ఇప్పించి, గుర్తుగా ఒక బిళ్ల ఇచ్చారు.

ఇంత గొప్ప స్తంభంలో దీపం మాత్రం కొవ్వొత్తులా?

అవును, 24 కొవ్వొత్తులు. వెనక అద్దాలు కూడా లేవు. ఒత్తి కొసలు కత్తిరించకపోతే మసి పట్టి వెలుగు పడిపోతుంది. అందుకే అరగంటకోసారి గంట కొట్టే గడియారం పెట్టారు. కట్టడం ఒక శతాబ్దం ముందుంటే వెలుగు ఒక శతాబ్దం వెనక ఉంది. కౌలు 1807లో ముగిసి, ఇంగ్లండ్ దీపస్తంభాలను చూసే సంస్థ ట్రినిటీ హౌస్ చేతికి వచ్చాక, 1810లో నూనె దీపాలూ వాటి వెనక వెలుగును ముందుకు తిప్పే అద్దాలూ వచ్చాయి. 1845లో లెన్స్ వచ్చింది.

అంత గట్టిదైతే ఎందుకు తీసేశారు?

మొదటి కారణం స్తంభం లోపం కాదు. దాని కింది రాయిని సముద్రం తొలిచేసింది. పెద్ద అల తగిలినప్పుడల్లా కట్టడం పక్కకు కదిలేది. రాయి కదిలితే దాన్ని అంత గట్టిగా పట్టుకున్న స్తంభమూ కదలక తప్పదు.

రెండో కారణం మాత్రం ఆకారంలోని లోపమే. స్మీటన్ స్తంభం అడుగున ఉన్న వంపు అలను పైకి ఎక్కించేది, నీళ్లు దీపం గది మీదుగా పోయేవి. ఓక్ చెట్టు పోలిక అందంగానే ఉంది కాని చెట్టు ఎదుర్కొనేది గాలిని, నీటిని కాదు.

ఇప్పుడున్న స్తంభం ఎలా వేరు?

కట్టింది ట్రినిటీ హౌస్ ప్రధాన ఇంజనీరు జేమ్స్ నికొలాస్ డగ్లస్. పాతదానికి సుమారు 40 మీటర్ల దూరంలో, బీటలు లేని రాయి వెతికి మొదలుపెట్టాడు. ఆ రాయి పాటు నీటి మట్టానికీ కిందే ఉంది. అందుకని చుట్టూ అడ్డుగోడ కట్టి, లోపలి నీరు తోడి పునాది తవ్వాల్సి వచ్చింది.

అడుగున వంపు తీసేసి, 44 అడుగుల వ్యాసం, 22 అడుగుల ఎత్తు గల నిటారు దిమ్మె కట్టాడు. అల ముందు దానికి తగిలి విరుగుతుంది, పైకి పాకదు. దిమ్మె అంచు పడవ దిగడానికి అరుగులా కూడా పనికొస్తుంది. స్తంభం దాని మీద నుంచి లేస్తుంది. రాళ్లు పక్కలకే కాక పైకీ కిందికీ కూడా ఒకదాన్లో ఒకటి ఇమిడేలా కోశారు, కాబట్టి చెక్కలూ కర్ర మేకులూ అవసరం లేకపోయింది. సున్నం బదులు పోర్ట్‌లండ్ సిమెంటు. మొత్తం 2,171 గ్రానైట్ దిమ్మలు, 4,668 టన్నులు.

పునాదిరాయి 1879 ఆగస్టు 19న, దీపం 1882 మే 18న. ఎత్తు కొన్నిచోట్ల 49 మీటర్లు, కొన్నిచోట్ల 41 అని కనిపిస్తుంది. రెండూ సరైనవే: మొదటిది కట్టడం ఎత్తు, రెండోది పోటు నీటి మట్టం నుంచి దీపం ఎత్తు. నావికుడికి కావాల్సింది రెండోది.

కాపలాదారులు ముగ్గురే ఎందుకు?

మొదట ఇద్దరే ఉండేవారు. ఒకసారి ఒకరు చనిపోతే, హత్య నేరం తన మీద పడుతుందని భయపడి రెండోవాడు శవాన్ని సముద్రంలో పడేయకుండా ఉంచుకున్నాడని, వాతావరణం కుదిరి పడవ వచ్చేసరికి ఆ చోటు భరించలేనట్టు తయారైందని స్మీటన్ రాశాడు. ఆ తర్వాతే ముగ్గురిని పెట్టారట. వేల్స్ తీరంలోని స్మాల్స్ దీపస్తంభం గురించీ ఇలాంటి కథే ఉంది, రెండింటినీ కలిపేయడం చూస్తుంటాం.

ఇప్పుడు లోపల ఎవరైనా ఉన్నారా?

లేరు. దీపం గదికి పైన 1980లో హెలికాప్టర్ దిగే వేదిక కట్టారు. దీపం గది చుట్టూ పంజరంలా కనిపించేది దానిదే. 1982 మే 18న, సరిగ్గా నూరేళ్లకు, మనిషి అవసరం లేకుండా చేశారు. 1999 నుంచి సౌరవిద్యుత్తు. పది సెకన్లకు రెండు తెల్లటి మెరుపులు, 17 నాటికల్ మైళ్ల దూరం. ఆ జంట మెరుపే దీని పేరు. రాత్రిపూట ఏ దీపం ఏదో నావికుడు లెక్కపెట్టి గుర్తుపడతాడు.

మన తీరంలో ఇలాంటిది ఉందా?

విశాఖ డాల్ఫిన్స్ నోస్ మీది దీపం కొండమీద ఉంది, సముద్రంలో కాదు. గోదావరి, కృష్ణల ముఖద్వారాల్లో ఇసుకా ఒండ్రే తప్ప ఇలాంటి రాతిగుట్ట లేదు. తెలుగువాళ్ల ప్రయాణాలకు దగ్గరైనది కావాలంటే బర్మా తీరంలోని అల్గ్వాడా రీఫ్ దీపస్తంభం, 1865లో పూర్తయిన గ్రానైట్ కట్టడం. కోరంగి, కాకినాడ, విశాఖల నుంచి రంగూన్ వెళ్లే ఓడలు నెగ్రాయిస్ అగ్రం చుట్టి తిరిగేది ఆ దరిదాపుల్లోనే.

చూడ్డానికి వెళ్లొచ్చా?

ఇప్పుడున్న స్తంభంలోకి సందర్శకులను రానివ్వరు. స్మీటన్ స్తంభం పైభాగాన్ని మాత్రం రాయి రాయిగా విప్పి, ప్రజల చందాలతో ప్లిమత్‌లోని హో మైదానంలో తిరిగి నిలబెట్టి, 1884లో తెరిచారు. 93 మెట్లు. నిచ్చెనలాంటి నిటారు మెట్లూ ఉంటాయి, చీరతో ఎక్కడం కష్టం. దాని అడుగు దిమ్మె కొత్తది. అసలు మొదలు ఇంకా సముద్రంలోనే, డగ్లస్ స్తంభం పక్కన మొండిగా నిలబడి ఉంది. మబ్బు లేని రోజు బైనాక్యులర్స్ తీసుకుని హో మీద నుంచి నైరుతికి చూడండి. పెద్ద స్తంభం ముందు దొరుకుతుంది, దాని పక్కనే పొట్టిగా కనిపించేది స్మీటన్‌ది.